ఏడున్నర గజాల సొంతిల్లు

తాటిమెరక నగర పంచాయతీ ఆఫీసులో ఏ పుస్తకంలోనూ లేని రూలొకటి ఉంది. కింది నుంచి ఏ అంకె వచ్చినా పైవాడు దాన్ని సగానికి కొయ్యాలి. ఎందుకు కొయ్యాలని అడిగినవాడు లేడు. పది ట్యూబ్‌లైట్లు కావాలని రాస్తే అయిదు వస్తాయి. నలభై బస్తాల బ్లీచింగ్ పౌడరంటే ఇరవై వస్తాయి. అంచేత అయిదు కావలసినవాడు పది రాస్తాడు, ఇరవై కావలసినవాడు నలభై రాస్తాడు, అందరూ సుఖంగా ఉంటారు.

ఊళ్ళో నాలుగొందల వీధికుక్కలకి ఆపరేషన్లు చేయించాలని ఓసారి శానిటరీ సెక్షన్ వాళ్ళు ఎనిమిదొందల కుక్కలున్నాయని రాశారు. పై ఆఫీసు నాలుగొందలకి మంజూరిచ్చింది. ఆపరేషన్లు అయిపోయాయి. రికార్డు ప్రకారం ఊళ్ళో ఇంకా నాలుగొందల కుక్కలు మిగిలాయి. వాటిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు గానీ, ఏటా వాటి పిల్లల సంఖ్య మాత్రం తప్పకుండా పైకి పంపుతున్నారు.

ఈ విద్యలో మట్టపర్తి త్రిమూర్తులు ఆరితేరినవాడు. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు. ఇరవై మూడేళ్ళ సర్వీసు. కొత్తగా చేరినవాళ్ళని పక్కన కూచోబెట్టుకుని మరీ చెప్పేవాడు. "ఫైలు ఎప్పుడూ సంపూర్ణంగా పంపకండయ్యా. పెద్దాయనకి చెయ్యడానికేదో మిగల్చాలి. మనం మిగల్చకపోతే ఆయన తనే ఎతుక్కుంటాడు. అది మనకి మంచిది కాదు."

అంతటివాడూ ఒక్కసారి ఏమరుపాటు పడ్డాడు. అదీ తన సొంతింటి విషయంలోనే.

సంగతేమిటంటే, అతని భార్య సత్యవేణికి పుట్టింటివైపు నుంచి కొత్తవీధి చివర నూట ఇరవై గజాల స్థలం వచ్చింది. వచ్చి పద్నాలుగేళ్ళయింది. కట్టుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే మన ఊరు పేరుకి పట్టణమే గాని గ్రామీణ పట్టణం. ఇక్కడ ఇల్లు కట్టాలంటే కనీసం రెండొందల నలభై రెండు గజాలు, అంటే అయిదు సెంట్లు ఉండాలి. అంతకు తక్కువ స్థలంలో ఇల్లు కడతామని ఎవరు ప్లాను పెట్టుకున్నా, "మీ స్థలము కనీస పరిమాణమునకు తక్కువై యున్నందున తిరస్కరించడమైనది" అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపేది ఎవరనుకున్నారు? త్రిమూర్తులే. మూడొందల పదకొండు కుటుంబాల ప్లాన్లు అలా తిప్పి పంపాడు. తన భార్య పెట్టిన దరఖాస్తు కూడా తిప్పి పంపాడు. పంపినరోజు ఇంటికెళ్ళి భోజనం చెయ్యడానికి కాస్త జంకాడంతే.

అన్నాళ్ళూ వాళ్ళు ఆదెమ్మ గారి వాటాలో అద్దెకున్నారు. ఆదెమ్మ గారు ముందు భాగంలో ఉంటుందన్నమాటే గాని, రోజులో సగం సత్యవేణి వంటింట్లోనే ఉంటుంది. రుబ్బురోలు ఇటు జరపమంటుంది, నీళ్ళ బిందె అటు పెట్టమంటుంది. అలాంటి ఆదెమ్మ గారు కార్తీకంలో ఒకనాడు వచ్చి, "వచ్చే దసరాకల్లా ఖాళీ చేసెయ్యమ్మా. కొబ్బరికాయలు పోసుకోడానికి చోటు చాలట్లేదు," అని చెప్పి వెళ్ళింది.

సత్యవేణి ఆ సాయంత్రం మొగుడి ముందు కాఫీ గ్లాసు పెట్టి అక్కడే కూచుంది.

"ఇన్నాళ్ళూ నేనేమీ అడగలేదండి. మేడలొద్దు, మిద్దెలొద్దు. ఉప్పు డబ్బా ఏ గూట్లో పెట్టుకోవాలో ఇంకోళ్ళని అడక్కండా బతకాలి. అమ్మిచ్చిన చోటుంది. ఆ రూలు రాసే ఆఫీసులో మీరున్నారు. ఇరవై మూడేళ్ళ నుంచి అందరికీ లేదు లేదని రాశారు. ఒక్కసారి ఉందని రాయలేరా?"

త్రిమూర్తులికి అది సూటిగా తగిలింది. మర్నాడే ఫైలు తెరిచాడు.

"విషయము: గ్రామీణ పట్టణములలో గృహనిర్మాణ స్థలము యొక్క కనీస పరిమాణమును 242 చదరపు గజముల నుండి 120 చదరపు గజములకు తగ్గించుట గురించి," అని మొదలుపెట్టి, పెరిగే జనాభా, చిన్న కుటుంబాలు, బీదసాదల సౌకర్యం, అన్నీ కలిపి నాలుగు పేజీలు రాశాడు. రాసిన ప్రతి అక్షరం నిజమే. అతని సర్వీసులో అలాంటి ఫైలు అదే మొదటిది.

ఇక్కడే అతనికి కాస్త తిరకాసు వచ్చింది. అలవాటు ప్రకారం నూట ఇరవైకి రెట్టింపు రాద్దామంటే రెండొందల నలభై అవుతుంది. అంటే ఇంచుమించు ఉన్న రూలే మళ్ళీ ఇమ్మని అడిగినట్టు. పోనీలే, ఇది ట్యూబ్‌లైట్ల వ్యవహారం కాదు కదా, కనీస పరిమాణాన్ని ఎవడు కోస్తాడులే అనుకున్నాడు. కోసే చెయ్యి చదవదని ఇరవై మూడేళ్ళుగా నలుగురికీ చెబుతున్నవాడు, పాపం, తనే మర్చిపోయాడు.

కమీషనరు పరాంకుశం గారు ఫైలు తెరిచి, చివరి పేజీకి వెళ్ళి, నూట ఇరవై కొట్టేసి అరవై రాశారు.

"సార్, అది కనీసం అండి," అన్నాడు త్రిమూర్తులు.

"అయితేనేం? కనీసంలో మాత్రం పొదుపు అక్కర్లేదా?" అన్నారు కమీషనరు గారు, సంతకం కింద రెండు గీతలు గీస్తూ.

త్రిమూర్తులు బయటికి వచ్చి నిలబడి లెక్క చూసుకున్నాడు. అరవై గజాలు కనీసమైతే తన నూట ఇరవైకి ఢోకా లేదు. ఇంకా మేలే! ఫైలు ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ ముప్ఫయి అయింది. రాష్ట్ర కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ పదిహేనయింది. ప్రతి మెట్టు దగ్గరా కబురు తెలుస్తూనే ఉంది, ప్రతిసారీ త్రిమూర్తులు మొహం వెలుగుతూనే ఉంది. అందరికంటే పైన సచివాలయంలో ప్రత్యేకాధికారి విరూపాక్షయ్య గారు పదిహేను కొట్టేసి ఏడున్నర చేశారని తెలిసినరోజు సత్యవేణి పూర్ణాలు వండి ఆదెమ్మ గారికి కూడా నాలుగు ఇచ్చింది.

"ఏడున్నర గజాలుంటే చాలంటండి ఇంక. మనకి పదహారింతలుంది," అంది.

త్రిమూర్తులు పూర్ణం నోట్లో పెట్టుకుని గర్వంగా నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే అతనికి ఇప్పటికీ తనకి తనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే విరూపాక్షయ్య గారు కోసి ఊరుకునే మనిషి కాదు. ఆయనకి ఉత్సాహం ఎక్కువ. పై దేశాల్లో ఎక్కడో జనం చిన్న చిన్న ఇళ్ళలో ఆనందంగా ఉన్నారని ఆయన ఏదో సదస్సులో విని వచ్చారు. ఆ వేడి మీద ఫైలు చదివి (చదవడమే కొంప ముంచింది), మార్జిన్‌లో ఒక ప్రశ్న వేశారు. "కనీసము అనగా మనిషికి చాలునంత. చాలునంతకు మించి యున్న దానిని ఏమందురు?" కింద ఆయనే జవాబు రాశారు: "మిగులు." దాని కింద, "మిగులు భూమిని ప్రజలకు పంచవలెను. ప్రతిపాదన ఎచ్చట నుండి వచ్చినదో అచ్చటనే శ్రీకారము చుట్టవలెను."

పథకం పేరు 'చిన్న చోటు, పెద్ద మనసు'. పెద్ద మనసుతో మొదటి స్థలం ఇచ్చే దాత ఎవరో వేరే చెప్పాలా?

ఆఫీసు ఆవరణలో సభ పెట్టి త్రిమూర్తులికి శాలువా కప్పారు. విరూపాక్షయ్య గారు మైకు ముందు గొంతు సవరించుకుని, "ఒక సామాన్య ఉద్యోగి, తన స్వంత స్థలమునకే మొట్టమొదటగా ఈ విప్లవాత్మక విధానమును వర్తింపజేయుమని పరోక్షముగా సూచించిన త్యాగశీలి," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులు కూడా కొట్టాడు. వేదిక మీద కూచున్నవాడు చప్పట్లు కొట్టకపోతే బాగుండదు కదా. కింద మూడో వరసలో కూచున్న సత్యవేణి మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మొగుణ్ణే చూస్తోంది.

సర్వేయరు వచ్చి ముప్ఫయి ఆరడుగుల పొడవు, ముప్ఫయి అడుగుల వెడల్పు ఉన్న ఆ స్థలాన్ని అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు ముక్కలు చేశాడు. ఒక్కొక్కటి తొమ్మిదడుగులు, ఏడున్నర అడుగులు. మొత్తం పదహారు. లాటరీ తీసి పదిహేను కుటుంబాలకి పదిహేనిచ్చి, సత్యవేణికి ఆరో నంబరిచ్చారు. ఆరో నంబరు నడిమధ్యన ఉంది. దానికి దారి లేదు. దారి గురించి అడిగితే, "ఇరుగుపొరుగు సౌహార్దమే దారి," అని రాతపూర్వకంగా జవాబు వచ్చింది.

పునాదికి ముగ్గు పొయ్యడానికి మేస్త్రి సూరన్నని పిలిచారు. సూరన్న ఊళ్ళో సగం ఇళ్ళు కట్టినవాడు. టేపు పట్టుకుని ఓసారి పొడవు కొలిచాడు, ఓసారి వెడల్పు కొలిచాడు, తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"చుట్టూ ఎంతొదలాలండి బాబూ?" అన్నాడు.

"నాలుగు వైపులా మూడేసి అడుగులు," అన్నాడు త్రిమూర్తులు.

"చోటు తగ్గించారు గదా, మరి ఒదిలేది తగ్గించలేదాండి?"

తగ్గించలేదు. ఆ అంకె ఏ ఫైల్లోనూ పైకి వెళ్ళలేదు, కాబట్టి దాన్ని ఎవరూ కొయ్యలేదు. త్రిమూర్తులు తన జీవితంలో వేల ప్లాన్ల మీద ఆ మూడడుగులు ఎర్ర పెన్సిలుతో కొలిచినవాడు. ఒకరికి అంగుళం వదిలినవాడు కాదు. ఇప్పుడు తనకెలా వదులుతాడు?

సూరన్న వేళ్ళ మీద లెక్కేసి, "తొమ్మిదిలో ఆరు పోతే మూడండి. ఏడున్నరలో ఆరు పోతే అడుగున్నరండి. మూడడుగుల పొడుగు, అడుగున్నర ఎడల్పు. తొమ్మిదంగుళాల గోడ ఇటొకటి, అటొకటి లేపామనుకోండి," అని ఆగాడు.

"ఊఁ, లేపితే?"

"రెండు గోడలూ కలిసి అతుక్కుపోతాయండి. మజ్జిలో ఇల్లుండదు."

ఈ సాంకేతిక ఇబ్బందిని త్రిమూర్తులు రాతపూర్వకంగా నివేదించాడు. విరూపాక్షయ్య గారి నుంచి రెండు రోజుల్లో సమాధానం వచ్చింది. "గోడలు పలుచగా నుండవలెను. ఎత్తునకు పరిమితి లేదు. నివాసము అడ్డముగా నుండవలెనను భావన పాతకాలపుది. పౌరులు నిలువుగా నివసించుటకు అలవాటుపడవలెను." కింద, చిన్న స్థలమైనా ఇంకుడు గుంత తప్పనిసరి అనీ, రెండు నీడనిచ్చే మొక్కలు నాటి ఫోటో జతపరచాలనీ ఉంది.

అలా కట్టారండీ ఇల్లు! నాలుగంగుళాల గోడలతో, లోపల పదంగుళాల వెడల్పుతో, నాలుగంతస్తులు. కింద హాలు, దానిపైన వంటిల్లు, దానిపైన పడగ్గది, ఆపైన పూజగది. ఎక్కడానికి బయట గోడకి ఇనప మెట్లు. ఆ మెట్లు ఖాళీగా వదలాల్సిన మూడడుగుల్లోకి వచ్చాయి కాబట్టి త్రిమూర్తులు వాటిని అక్రమ నిర్మాణం కింద నమోదు చేసి, తీసేయించాడు. తర్వాత పైమూడంతస్తులకీ ఎలా వెళ్ళాలన్నది పరిశీలనలో ఉంది.

ప్రారంభోత్సవానికి, సభ అయ్యేదాకా పక్క నంబర్లవాళ్ళ చోట్లలోంచి దారి అడిగి, ఆవుని తీసుకొచ్చారు. గృహప్రవేశానికి ముందు ఆవు లోపలికి నడవాలి కదా. ఆవు గుమ్మం దాకా వచ్చి, మూతి లోపల పెట్టి చూసి, వెనక్కి తిరిగింది. ఆవుకి సర్వీసు రూల్సు వర్తించవు, వెళ్ళిపోయింది. త్రిమూర్తులికి వర్తిస్తాయి. లోపలికి పక్కవాటుగా దూరి, రెండు చేతులూ ఒంటికి ఆనించి, గుమ్మంలోంచి జనానికి సగం మొహం కనబడేలా నిలబడ్డాడు. విరూపాక్షయ్య గారు కొంచెం స్థూలకాయులు. ఆయన ఇంటి లోపలికి ఒక చెయ్యి మాత్రం ప్రవేశపెట్టి ఫోటో తీయించుకున్నారు.

"గమనించండి," అన్నారాయన సభని ఉద్దేశించి. "ఈ గృహములో దుమ్ము చేరుటకు చోటు లేదు. అనవసర సామాను చేరుటకు చోటు లేదు. కుటుంబ కలహములకు చోటు లేదు, ఎందుకనగా ఒకరున్నప్పుడు మరొకరు ఉండజాలరు!"

ఆ ఉపన్యాసం గంటన్నర సాగింది. అంతసేపూ త్రిమూర్తులు లోపలే నిలబడ్డాడు. ముక్కు మీద దురద పుట్టింది, చెయ్యెత్తడానికి చోటు లేదు. పొద్దున్నే తిన్న ఇడ్లీలు రెండే కావడం ఎంత మంచిదయిందో అనుకున్నాడు. తన నాలుగు పేజీల నోటులో 'సౌకర్యం' అనే మాట పదకొండుసార్లు రాసిన సంగతి కూడా గుర్తొచ్చింది.

సభ అయ్యాక సూరన్నా ఇంకో మనిషీ చెరో చెయ్యి పట్టుకుని అతన్ని బయటికి లాగారు. చొక్కా గుండీ ఒకటి లోపలే ఉండిపోయింది.

సత్యవేణి రోడ్డు మీద నిలబడి ఉంది. సభ అయిపోయింది కాబట్టి, స్థలంలోకి రావడానికి ఆమెకి దారి లేదు. త్రిమూర్తులు పదో నంబరువాళ్ళనీ పద్నాలుగో నంబరువాళ్ళనీ బతిమాలుకుని, వాళ్ళ చోట్లలోంచి నడిచి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని గొంతులో వణుకు లేదు.

"మా అమ్మ ఈ చోటు నాకిస్తూ, ఇందులో నువ్వు కాళ్ళు జాపుకుని కూచోవే అందండి. నేనిప్పుడు ఎక్కడ కూచోను?"

త్రిమూర్తులు తల దించుకున్నాడు. "నా బుద్ధి గడ్డి తింది సత్యవేణీ."

"గడ్డి తింటే తిన్నారు. నూట ఇరవైని ఏడున్నర చేసింది మీ చేతి రాతే గదా. ఆ చేత్తోనే మళ్ళీ నూట ఇరవై చెయ్యండి. దసరాకి ఇంక ఆరు నెల్లే ఉంది. నేను కొబ్బరికాయలతో కాపరం చెయ్యలేనండి, చెప్పేస్తున్నాను."

ఈసారి త్రిమూర్తులు తొందరపడలేదు. నాలుగు రోజులు ఆలోచించాడు. ఫైలు పైకి వెళ్ళేటప్పుడు నాలుగు చేతులు కోస్తాయి. కమీషనరు, ప్రాంతీయ కార్యాలయం, రాష్ట్ర కార్యాలయం, సచివాలయం. నాలుగుసార్లు సగం చేస్తే చివరికి నూట ఇరవై మిగలాలి. కాబట్టి నూట ఇరవైని నాలుగుసార్లు రెట్టింపు చెయ్యాలి. రెండొందల నలభై, నాలుగొందల ఎనభై, తొమ్మిదొందల అరవై, పంతొమ్మిదొందల ఇరవై. కాగితం మీద మూడుసార్లు సరిచూసుకున్నాడు. అప్పుడు ఫైల్లో రాశాడు. "కనీస పరిమాణమును 1920 చదరపు గజములకు పెంచుట ఎంతయు ఆవశ్యకము."

రాసి, మొదటిసారి ఎక్కడ తప్పు చేశాడో కొత్తగా చేరిన గుమాస్తాలకి వివరించి చెప్పాడు కూడా. వాళ్ళు గురువుగారి ముందుచూపుకి నోళ్ళు తెరిచారు.

సరిగ్గా ఆ నెలలోనే ప్రభుత్వం వారు కాగితం ఫైళ్ళు ఎత్తేసి కంప్యూటరు ఫైళ్ళు పెట్టారు. కంప్యూటర్లో ఫైలు తెరిస్తే కింద రెండే గళ్ళు కనబడతాయి. 'ఆమోదించడమైనది', 'తిరస్కరించడమైనది'. అంకె కొట్టేసి ఇంకో అంకె రాయడానికి చోటు లేదు. పరాంకుశం గారు తెర మీద వేలితో గీసి చూశారు. గీత పడలేదు. పొడుగ్గా నిట్టూర్చి మొదటి గడి నొక్కారు. తిరస్కరిస్తే కారణాలు రెండు పేజీలు టైపు చెయ్యాలి మరి. ప్రాంతీయ కార్యాలయం నొక్కింది. రాష్ట్ర కార్యాలయం నొక్కింది. విరూపాక్షయ్య గారికి అప్పటికే మత్స్యశాఖకి బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చినాయన రోజుకి రెండొందల ఫైళ్ళు పరిష్కరించిన రికార్డు ఉన్న మనిషి. ఆయనా నొక్కారు. పదకొండు రోజుల్లో ఉత్తర్వు వచ్చేసింది.

పరాంకుశం గారు ఉత్తర్వు చదివి త్రిమూర్తుల్ని పిలిచారు.

"పంతొమ్మిదొందల ఇరవై గజాలకి తక్కువైతే అది నివాస స్థలం కాదట. ఇదివరకు కట్టిన వాటికి కూడా వర్తిస్తుందట. ఏంటయ్యా ఇది?"

"సగం చేస్తారనుకున్నానండి."

"ఎవరు?"

"తమరేనండి. మొదటి సగం తమరు చేస్తారని."

కమీషనరు గారు కాసేపు కంప్యూటరు వంక దీనంగా చూశారు. "మన ఆఫీసెన్ని గజాలు?"

"మూడొందల పదండి."

"నా క్వార్టర్సు?"

"నూట ఎనభై అండి."

"ఊళ్ళో పంతొమ్మిదొందల ఇరవై గజాలు దాటిన చోటేదైనా ఉందా?"

"ఒక్కటుందండి," అన్నాడు త్రిమూర్తులు. "శ్మశానమండి. రెండెకరాలు."

రూలు ప్రకారం తాటిమెరకలో మనిషి నివసించడానికి యోగ్యమైన స్థలం అదొక్కటే అయింది. రెండిళ్ళ మధ్య సందు మీద పాతికేళ్ళుగా కోర్టుకి తిరుగుతున్న అన్నదమ్ములిద్దరూ, తమ రెండిళ్ళూ ఒకేసారి అక్రమమైపోయాయని తెలిసి రాజీ పడిపోయారు. కొత్తవీధి చివర పదహారు పట్టాలూ రద్దయ్యాయి. నిలువు ఇంటిని సూరన్న ఒక్క పూటలో విప్పేశాడు. స్థలం మళ్ళీ సత్యవేణికి వచ్చింది. పట్టా మీద, "నూట ఇరవై చ.గ. నివాసయోగ్యము కాని ఖాళీ స్థలము," అని రాసి ఉంది. ఆ రాత కూడా త్రిమూర్తులిదే.

"మూడో ఫైలు పెట్టవయ్యా," అన్నారు పరాంకుశం గారు.

త్రిమూర్తులు కంప్యూటర్లో పెట్టబోయాడు. ఒకే విషయం మీద అయిదేళ్ళలోపు మూడో ఫైలు తెరవడానికి వీల్లేదని ఎర్ర అక్షరాలతో చెప్పి అది మూసుకుపోయింది.

ఇక మిగిలింది నోటీసులు. ఊళ్ళో మూడు వేల నూటపన్నెండు గడపలకి, "మీ కట్టడము అక్రమమైనందున ఏల తొలగించరాదో ఏడు రోజులలో తెలుపగలరు," అని అంటించాలి. తొలగింపు మాత్రం డోర్ నంబర్ల వరసలో జరగాలి. ఒకటో నంబరు నగర పంచాయతీ ఆఫీసు. పరాంకుశం గారు కమీషనరు హోదాలో ఆఫీసుకి నోటీసిచ్చి, ఆఫీసు అధిపతి హోదాలో దాన్ని తీసుకున్నారు. జవాబు రాలేదు. గుర్తు చేస్తూ రెండు ఉత్తరాలు రాసుకున్నారు. వాటికీ జవాబు రాలేదు. ఒకటో నంబరు తేలేదాకా రెండో నంబరు జోలికి వెళ్ళకూడదు. అంచేత తొలగింపు అక్కడే ఆగింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

త్రిమూర్తులు జిగురు డబ్బా పట్టుకుని వీధివీధికీ తిరిగాడు. మొదట్లో జనం తిట్టారు. ఒకటో నంబరు తేలేదాకా ఏ ఇల్లూ కూలదని తెలిసి, రెండో వీధికి వచ్చేసరికి, "మాకింకా ఇవ్వలేదేంటండి?" అని అడగడం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ చాలీచాలని చోట్లున్నవాళ్ళు, అంటే త్రిమూర్తులు ఎర్ర సిరాతో తిప్పి పంపిన ఆ మూడొందల పదకొండు కుటుంబాలవాళ్ళు, ముగ్గులు పోసి పునాదులు తవ్వుకుంటున్నారు.

జ్యేష్ఠం చివర్లో ఒకరోజు కొత్తవీధి వెళ్ళేసరికి తన స్థలంలో సూరన్న ముగ్గు పోస్తున్నాడు. సత్యవేణి కొంగు బిగించి, "ఇదిగో, వంటిల్లు ఇటు. గూళ్ళు మూడుండాలి," అని చెబుతోంది.

"సత్యవేణీ! ఇది అక్రమ కట్టడం," అన్నాడు త్రిమూర్తులు.

"సక్రమ కట్టడం ఊళ్ళో ఏదుందో చూపించండి. దాని పక్కనే కట్టుకుంటాను," అందామె.

సూరన్న తల పక్కకి తిప్పుకుని నవ్వుకున్నాడు. ఇరవై మూడేళ్ళ నుంచి అందరికీ చెప్పిన మాట త్రిమూర్తులు నోట్లో ఉంది, ఎదురుగా సత్యవేణి ముగ్గు గీతల మధ్య నిలబడి ఉంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పది నుంచి అయిదు దాకా అతను ప్రభుత్వం మనిషి కాబట్టి, ఆ వేళల్లో పని జరిగితే చూస్తూ ఊరుకోకూడదు. అంచేత సూరన్న పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం అయిదున్నర నుంచి చీకటి పడేదాకా కట్టేవాడు. పగలు త్రిమూర్తులు తనిఖీకి వచ్చి, పని నిలిపివేసి ఉన్నట్టు రిజిస్టర్లో నమోదు చేసుకునేవాడు. సాయంత్రం అదే మనిషి లుంగీ కట్టుకుని వచ్చి కొత్త గోడలకి నీళ్ళు కొట్టేవాడు. ఒకనాడు మర్చిపోయి పనివేళలో నీళ్ళు కొడుతూ, తనకి తనే మెమో ఇచ్చుకున్నాడు.

దసరాకి నాలుగు రోజుల ముందు ఇల్లు పూర్తయింది. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. గృహప్రవేశం రోజు ఆవు చక్కగా గుమ్మం దాటి, ఇల్లంతా తిరిగి, పెరటి తలుపులోంచి తీరిగ్గా బయటికి వెళ్ళింది. పరాంకుశం గారు సకుటుంబంగా వచ్చారు. ఆదెమ్మ గారు కూడా వచ్చి వంటింట్లోకి తొంగిచూసి, "ఆ పొయ్యి కాస్త ఇటు జరిపితే," అనబోయింది. సత్యవేణి చిరునవ్వుతో, "అక్కడే ఉంటుందండి," అంది.

పదిన్నరకి త్రిమూర్తులు పట్టుపంచె మీదే సంచీలోంచి కాగితం తీశాడు. మూడు వేల నూటపదమూడో నోటీసు. కొత్త గడప కదా, కొత్త నంబరు పడింది. పీటల మీంచి లేచి, జిగురు డబ్బా పట్టుకుని వీధి తలుపు దగ్గరికి నడిచాడు. వచ్చినవాళ్ళంతా అటే చూస్తున్నారు. ఎన్ని తలుపులకి అంటించాడో, ఎంతమంది ఆడవాళ్ళు తలుపు చాటు నుంచి తనని ఎలా చూశారో అప్పుడు అతనికి తెలిసొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు అడ్డం పడి, కాగితం వంకరగా అతుక్కుంది.

సత్యవేణి పసుపు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. నోటీసుని పైనుంచి కింది దాకా ఓసారి చూసింది.

"ఊడదీసి మళ్ళీ అంటించండి," అంది. "తిన్నగా అంటించండి. మన తలుపండి ఇది."